వానప్రస్థమునుండి వనస్థలిపురము వఱకు

'వృద్ధాశ్రమము' అను సమాసము అమరకోశమున లేదు. అమరసింహుఁడు ముదుసలికిఁ గల పర్యాయపదములను వరుసగాఁ జెప్పెనే కాని, ముదుసలులు నివసించు ఇంటికి వేఱొక పేరు చెప్పలేదు. అట్టి యిల్లు వేఱుగా నుండునని యాతనికిఁ దోఁచియుండదు. ఇప్పుడో, మేము నివసించు కొత్తపేటనుండి హయత్‌నగరము దాఁక పోయినచో ఆ మాట బోర్డులమీఁద పలుమాఱులు కంటఁబడుచున్నది. ముప్పదియైదేండ్లు పిల్లలకు శబ్దములు నేర్పినవారము గావున ఆ బోర్డును జూచినపుడెల్ల మాకొక వింత తోఁచును. వృద్ధశబ్దము వృధ్ ధాతువునుండి పుట్టినది, పెరిగినవాఁడని యర్థము. ఆశ్రమశబ్దమున నున్నది శ్రమ్ ధాతువు. శ్రమపడు చోటు, తపస్సు చేయు చోటు అని యర్థము. విశ్రాంతికిని అదియే ధాతువు. 'వి' యను నుపసర్గము ముందు చేరఁగానే శ్రమ తొలఁగినది. పెరిగినవాఁడు శ్రమించు చోటనుటకు బదులు, కుంగినవాఁడు ఊరకుండు చోటని మనమీ సమాసమున కర్థము కల్పించుకొంటిమి.

మన సంఘ వార్షిక మహాసభ సందర్భమున వెలువడు ఈ సంచికకు, పెద్దలు తమ విశ్రాంతికాలమును పూర్వ మెక్కడ గడపిరి, మన తూర్పు హైదరాబాదునందు నేఁ డెట్లు గడపుచున్నారు అను విషయమును గూర్చి చరిత్రరూపముగా వ్రాయుమని కార్యదర్శిగారు కోరిరి. గత మహాసభయందు వృద్ధుల వసతిగృహమును గూర్చి జరిగిన చర్చ ముగియలేదు గనుక, ఈ చరిత్ర కొంత పనికివచ్చునని మేమును ఒప్పుకొంటిమి.

ధర్మశాస్త్రములు పురుషాయుషమును నాలుగాశ్రమములుగా విభజించినవి. ఒడలు ముడుతలు పడి, తల నెరసి, కొడుకునకుఁ గొడుకు పుట్టినపుడు గృహస్థుఁడు వనమున కేఁగవలెనని మనువు విధించెను. భార్యను కొడుకులకడ నుంచియైనను, వెంటఁ గొనియైనను పోవచ్చునని యాతఁడే చెప్పెను. ఈ విధి రాజులకును ఋషులకును కథలయందుఁ జెల్లెను గాని, నాగలి పట్టినవాఁడును, మగ్గము నేసినవాఁడును, త్రాసు పట్టినవాఁడును అడవికిఁ బోలేదు. పోయినచో ఇంట వంట నడవదు.

అడవికిఁ బోయినవారిలో మిక్కిలి వివరముగాఁ జెప్పఁబడిన కథ ధృతరాష్ట్రునిది. భారతమున ఆశ్రమవాసపర్వము దానికొఱకే యున్నది. తిక్కన దానిని తెనిఁగించెను. యుద్ధానంతరము పదునైదేండ్లు ఆ వృద్ధరాజు ధర్మరాజు ఇంటనే యుండెను. ధర్మరాజు గౌరవలోపము చేయలేదు. అన్నమునకును వస్త్రమునకును కొఱత లేదు. భీముఁడు మాత్రము తన భుజబలమును గూర్చియు, చచ్చిన కౌరవులను గూర్చియు ముసలివాని చెవినిఁ బడునట్లు మాటలాడుచుండెను. ఆ మాటలే యాయనను ఇల్లు వెడలించినవి. పోవునపుడు భీష్మాదులకును తన కొడుకులకును శ్రాద్ధము పెట్టుటకై ధనమడుగఁగా భీముఁ డడ్డుపడెను. ధర్మరాజును అర్జునుఁడును తమ సొమ్మునుండి యిచ్చిరి. ఇంతవఱకు నేఁటి యిండ్లలో జరుగుచున్న కథయే. ఆశ్చర్యము కలిగించునది కుంతి నడవడి. కొడుకులు గెలిచి రాజ్యమేలుచుండఁగా, వారెంత వేఁడినను నిలువక, గ్రుడ్డివాఁడైన బావగారిని, కన్నులకు గంతలు కట్టుకొన్న తోడికోడలిని సేవించుటకై ఆమెయు వెడలిపోయెను.

ఎల్బీనగరమునకు సమీపమున హస్తినాపురమను కాలనీ కలదు. దానికిఁ గొలఁది దూరముననే వనస్థలిపురము. పేరులు పెట్టినవారు వ్యాసుని దలఁచుకొని పెట్టిరని మేమనము. కాని హస్తినాపురమునుండి వనస్థలికిఁ బోవు ముసలివారు ప్రతిదినమును సిటీబస్సులో మాకుఁ గనఁబడుచునే యున్నారు.

అడవికిఁ బోనివారు ఎచ్చట నుండిరి? ఇంటి యరుగుమీఁద నుండిరి. తెలుఁగునాట అరుగు ఇంటిలోనిదియుఁ గాదు, వీధిలోనిదియుఁ గాదు. పెత్తనము కొడుకునకును, తాళములు కోడలికిని ఇచ్చిన పిమ్మట పెద్దవాఁడు ఆ నడుమ చోటున కూర్చుండి, ఇంటికిఁ గావలియు, వీధికి సాక్షియు నగుచుండెను. దారిని బోవువాఁడు పలుకరింపక పోవుట యపచారముగా నుండెను. ముదుసలి స్త్రీలకు అరుగు లేదు. వారికి దొడ్డివాకిలియు, పురిటిగదియు, ఊరగాయ జాడీలును ఉండెను. వారి పని చచ్చువఱకు ఉండెను గనుక విశ్రాంతి యను ప్రశ్నయే వారి విషయమునఁ బుట్టలేదు. విధవరాండ్ర యవస్థ యెట్లుండెనో మన యిండ్లలో నెఱిఁగినవారు నేఁటికిని ఉన్నారు. ఉమ్మడి కుటుంబమును పొగడునపుడు దానిని మఱచుట న్యాయము గాదు.

కలిగినవారును, తెగించినవారును కాశికిఁ బోయిరి. శ్రీనాథుని కాశీఖండము తెలుఁగువారి కిచ్చిన ఆశ అది. ఏనుఁగుల వీరాస్వామయ్యగారు 1830లో చెన్నపురినుండి బయలుదేఱి, హైదరాబాదు మీఁదుగాఁ గాశికిఁ బోయి 1831లో తిరిగి వచ్చిరి. వారి యాత్రాచరిత్ర యందు ఆ దారియు, మజిలీలును, నదులు దాఁటుటయు సవిస్తరముగా నున్నవి. అంతటి పరివారముతోఁ బోయినవారికే అది యేఁడాదికి మించిన పని. సామాన్యుఁడు పోయినచో ఇంటివారు తిరిగివచ్చునను ఆశ విడిచియే సాగనంపుచుండిరి. సికింద్రాబాదునుండి వాడికి 1874లోను, బెజవాడకు 1889 నాఁటికిని రైలు నడచినపిమ్మట కాశి దగ్గఱయైనది. పోయినవాఁడు తిరిగివచ్చుట కూడ అలవాటైనది. అక్కడనే కడపటి దినములు గడపఁదలఁచిన తెలుఁగువారికి శ్రీరామతారకాంధ్రాశ్రమము వంటి స్థానములు ఏర్పడినవి. 2020 మార్చిలో రైల్వేవారు వృద్ధుల టిక్కెట్టు రాయితీని తీసివేసిరి. మా వీధిలోని ఇద్దఱు ముగ్గురు కాశీప్రయాణ మానుకొనిరి.

ఇఁక జీతమును పెన్షనును గూర్చి. పొలమున్నవానికి పదవీవిరమణము లేదు. ఒంటిలో శక్తి తగ్గినకొలఁది పని తగ్గుచుండును, అంతియే. ఒకానొక తేదీనాఁడు ఉదయము పనివాఁడుగా లేచి సాయంకాలము పనిలేనివాఁడగుట జీతగాండ్రకే కలిగినది. ఇంగ్లీషువారి యేలుబడిలో 1871లో పెన్షనుల చట్టము వచ్చెను. హైదరాబాదు రాజ్యమున మొదటి సాలార్‌జంగు కాలమునుండి జిల్లాలు, కచేరీలు, జీతములు క్రమపడినవి. ఇక్కడి దఫ్తరులలో పెన్షనునకు 'వజీఫా' యని పేరు. పూర్ణకాలము కొలువు చేసి దిగినవానికి వచ్చునది 'వజీఫా హుస్నె ఖిద్మత్', అనఁగా మంచి సేవకై యిచ్చు వృత్తి. మా చిన్ననాఁట పాతబస్తీ పెద్దలు 'ఆయన వజీఫామీఁద నున్నాఁడు' అని గౌరవముగా ననుచుండిరి. దఱిద్రుఁడు గాఁడనియు, దఫ్తరునకుఁ బోఁడనియు ఒక్కమాటలోఁ దెలియుచుండెను.

అయినను వజీఫా ప్రభువు దయవలన వచ్చునది యను భావము చాలకాలము పోలేదు. స్వాతంత్ర్యానంతరము ముప్పది యేండ్లకు పైఁగా గడచినపిమ్మట, 1982 డిసెంబరు 17న నకారా వ్యాజ్యమున సుప్రీము న్యాయస్థానము పెన్షను దానము గాదు, చేసిన సేవకుఁ జెల్లించు హక్కు అని తీర్పు చెప్పెను. నకారాగారు రక్షణశాఖలో లెక్కలు చూచి విరమించిన యధికారి. నేఁటికిని పెన్షనుదారులు డిసెంబరు 17ను తమ దినముగా జరుపుకొనుచున్నారు. ఆ తీర్పు వచ్చిన మఱుసటి యేఁడే, 1983లో, ఆంధ్రప్రదేశ ప్రభుత్వము ఉద్యోగుల వయఃపరిమితిని 58 నుండి 55 నకుఁ దగ్గించెను. వేలకొలఁది జనులు ఒక్కమాఱుగా ఇంటికిఁ జేరిరి. కొంతకాలమునకు మరల 58 చేసిరి. గోడలు సగము లేచిన యిండ్లు, నిశ్చయమైన పెండ్లిండ్లు ఆ యేఁడు ఎన్ని చోట్ల నిలిచెనో ఆ తరమువారికిఁ దెలియును. నేఁడు ఆ పరిమితి తెలంగాణమున 2021 నుండి 61, ఆంధ్రప్రదేశమున 2022 నుండి 62.

ఈ యిండ్ల మాట వచ్చినది గనుక మన ప్రాంతపుఁ గథలోనికిఁ బోవుదము.

మూసీకి తూర్పున, మలక్‌పేట దాఁటిన పిమ్మట, పూర్వము తోఁటలు, చెఱువులు, వేఁట యడవులు ఉండెడివి. రెండవ నిజాము దివాను అరస్తూజా తన బేగము సురూర్ అఫ్జా పేర సరూర్‌నగరము వెలయించెను. ఆ నిజాము కొలువుననే యున్న ఫ్రెంచి సేనాని రేమండు 1798లో మరణింపఁగా దగ్గఱి గుట్టమీఁద సమాధి చేసిరి. మన జనులు ఆయనను మూసారాముఁడని పిలుచుకొని మూసారాంబాగునకుఁ బేరిచ్చిరి. స్వదేశమునకుఁ దిరిగి పోకుండ ఈ ప్రాంతముననే నిలిచిపోయినవారిలో ఆయన పేరే మొదట చెప్పఁదగినది. ఆఱవ నిజాము సరూర్‌నగరమునఁ గట్టించిన మహలు 20వ శతాబ్ది మొదటి సంవత్సరములలో విక్టోరియా రాణి జ్ఞాపకార్థము అనాథ బాలుర గృహమైనది. తల్లిదండ్రులు లేని పిల్లలకై ఒక మహలు విడిచిపెట్టిన యీ చోటనే, పిల్లలు దగ్గఱ లేని తల్లిదండ్రులు నేఁడు గుంపులుగా నున్నారు. మెట్రోరైలు స్టేషనునకు ఇప్పుడు కూడ 'విక్టోరియా మెమోరియల్' అనియే పేరు.

దిల్‌సుఖ్‌నగరము దిల్‌సుఖ్ రామ్ ప్రసాద్ అను భూస్వామి పేర వెలసినదని చెప్పుదురు. ఆయన పొలములు ఇంటి స్థలములుగా విడఁగొట్టఁబడినవి. దిల్‌సుఖ్ అనఁగా మనస్సునకు సుఖము. వనస్థలిపురమునకుఁ బేరిచ్చిన మహావీర హరిణ వనస్థలి నిజాముల వేఁటభూమి. వర్ధమాన మహావీరుని 2500వ నిర్వాణ సంవత్సర సందర్భమున 1975లో కృష్ణజింకల కభయస్థానముగా మాఱినది. లాల్ బహదూర్ శాస్త్రిగారి పేర వెలసిన లాల్‌బహదూర్‌నగరమును, గడ్డిఅన్నారమును వేఱు వేఱు పురపాలక సంఘములుగా నుండి, 2007 ఏప్రిల్ 16న మహానగరపాలక సంస్థలోఁ గలిసినవి.

1949లో జాగీరులు రద్దగుటయు, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ మేర్పడి కర్నూలునుండి కచేరీలు హైదరాబాదునకు వచ్చుటయు, ఈ తోఁటల తలవ్రాఁత మార్చినవి. ఉద్యోగులు సహకార గృహనిర్మాణ సంఘములుగాఁ గూడి, తూర్పుదిక్కున గజముల లెక్కను స్థలములు కొనిరి. ఏ శాఖవారు కొనిన కాలనీకి ఆ శాఖ పేరే పెట్టుకొనిరి. దిల్‌సుఖ్‌నగరమున తపాలా తంతివారి పి అండ్ టి కాలనీ, కొత్తపేట వైపున టెలిఫోన్ కాలనీ, ఎల్బీనగరమున సెంట్రల్ బ్యాంక్ కాలనీ, వనస్థలిపురమున ఎన్‌జీవోల కాలనీ, సచివాలయనగర్, ఎఫ్‌సీఐ కాలనీ. పూర్వపు పట్టణములలో కులమునకొక వీధి యుండినట్లు, ఇక్కడ కొలువున కొక వీధి యేర్పడినది. కచేరీలో పైయధికారికి నమస్కరించినవాఁడు ముసలితనమున అదే వీధిలో ఆయనతోఁ బాటు పాలపొట్లములకై నిలుచుచున్నాఁడు. కులసంఘ సంచికలో వ్రాయఁదగునో తగదో గాని, ఈ కాలనీలయందు ఒకరికష్టమున కొకరు తలుపు తట్టుట కొలువుబంధమువలననే యెక్కువగా జరిగినదని మేము కన్నులారఁ జూచితిమి.

ఈ జనులు తూర్పుననే యేల కొనిరి? ధర తక్కువ యను మాట నిజమే. అంతకంటె బలమైన కారణము బాట. ఎల్బీనగరపు కూడలినుండి ఒక బాట సూర్యాపేట మీఁదుగా విజయవాడకుఁ బోవును. ఒకటి నాగార్జునసాగరము వైపునకుఁ బోవును. నల్లగొండ, ఖమ్మము, కృష్ణా, గుంటూరు మండలములవారికి సొంత యూరి బస్సు ఇంటి ముందే ఎక్కుటకును, ఊరినుండి వచ్చు బియ్యపు మూట ఇంటి ముందే దింపుకొనుటకును వీలు కలిగినది. మా యెఱుకలో నొక గుమాస్తాగారు సగము జీవితము పడమటి దిక్కున నద్దెకుండి, గ్రాట్యుటీ రాఁగానే వనస్థలిపురమున నిల్లు కట్టిరి. కారణ మడిగినపుడు 'ఇక్కడనుండి మా యూరు కనఁబడునండీ' అనిరి. మధ్య నూటయేఁబది మైళ్లున్నవి. పల్లెను విడిచి వచ్చినవాఁడు పల్లెబాట చివర నిల్లు కట్టుకొనుటలో ఎప్పుడైనను తిరిగిపోవుదమను తలఁపున్నది. పోయినవారు మాత్రము మిక్కిలి తక్కువ.

ఈ పెద్దల దినచర్యను కొంచెము వ్రాసి యుంచుట మంచిది. నలువదేండ్ల పిమ్మట ఇదియు చరిత్రయే యగును. తెల్లవాఱకమునుపే సరూర్‌నగరపు చెఱువుకట్ట ప్రక్కనున్న ప్రియదర్శినీ ఉద్యానమునను, జింకల వనమునను వీరి నడక. నడక కొంచెము, మాట యెక్కువ. చక్కెరవ్యాధి, మోఁకాళ్లు, కరవుభత్యపు బకాయిలు, అల్లుని వీసా, ఈ నాలుగును నిత్యపారాయణములు. తరువాత సరూర్‌నగరపు రైతుబజారు. 1999లో రైతుబజారులు వచ్చినప్పటినుండి ఇంటి కూరలు తెచ్చుట విశ్రాంతోద్యోగి పనియైనది. మంగళవారము, శనివారము కర్మన్‌ఘాటు ఆంజనేయుని గుడి. శుక్రవారము వాసవీకాలనీ యష్టలక్ష్మీ యాలయము. 2023 డిసెంబరు 9 నుండి బస్సులో స్త్రీలకు టిక్కెట్టు లేకపోవుటచే, ఎన్నఁడును వీధిమొగము దాఁటని ముత్తైదువలును, అమ్మమ్మలును యాదగిరిగుట్టకుఁ దమంతఁ దామే పోయి వచ్చుచున్నారు. పెత్తనము చేసిన మగవారు గుమ్మముకడఁ గూర్చుండి వారి రాకకై యెదురు చూచుచున్నారు. ఈ మార్పును వర్ణించుటకు మన పూర్వకవులకుఁ దరుణము దొరకలేదు.

ఏఁట నొకమాఱు తాము బ్రతికియున్నట్లు వీరు రుజువు చూపవలెను. కేంద్రప్రభుత్వపుఁ బెన్షనుదారులకు నవంబరు మాసము దానికి నియమితము. 2014 నవంబరునుండి 'జీవన్ ప్రమాణ్' అను పద్ధతిచే వ్రేలిముద్ర వేసినచోఁ జాలును. కాని యేండ్ల తరబడి సుద్దముక్కయో కలమో పట్టినవారి వ్రేలిగీఁతలు యంత్రమునకుఁ గనఁబడవు. మనిషి యెదుట నిలిచియున్నను యంత్ర మొప్పుకొనదు. నూఱేండ్లు నిండిన కేంద్రపు పెన్షనుదారునికి మూలపెన్షనుతో సమానమైన మొత్తము అదనముగా నిత్తురు. ఆ వయస్సున వ్రేలిముద్ర పడుట ఇంకొక పరీక్ష.

1990లో అమెరికావారు క్రొత్త వలసచట్టము చేసి హెచ్-1బి యను కొలువుచీటిని నెలకొల్పిరి. ఏఁటికి 65,000గా నున్న దాని పరిమితి 2001 నుండి 2003 వఱకు 1,95,000 అయ్యెను. దిల్‌సుఖ్‌నగరపు కోచింగు కేంద్రములలో కంప్యూటరు విద్య నేర్చిన మన పిల్లలు ఆ చీటితో సముద్రము దాఁటిరి. అమెరికా కాన్సులేటు 2008లో హైదరాబాదుననే తెఱవఁబడిన పిమ్మట తల్లిదండ్రులు వీసాకై చెన్నపట్టణము పోవు శ్రమ తప్పినది. అప్పటినుండి మన పెద్దల వానప్రస్థము ఋతువుల ప్రకారము నడచుచున్నది. కూఁతురి పురిటికి తల్లి పోవును. చుట్టపుచూపుగాఁ బోయినవారికి సాధారణముగా ఆఱు నెలల గడువు. మనువు చెప్పిన రెండు పద్ధతులకును ఇది మూఁడవది: భార్య వనమునకుఁ బోయి భర్త ఇంట నుండుట. ఆ యాఱు నెలలును భర్త మొక్కలకు నీరు పోసి, అన్నము మాత్రము వండుకొని, వీధి చివర కర్రీపాయింటులోఁ గూర కొనితెచ్చుకొనును. దిల్‌సుఖ్‌నగరమున కర్రీపాయింటులు విద్యార్థులకొఱకు వెలసినవి. నేఁడు సాయంకాలమున క్యాను పట్టుకొని నిలిచినవారిలో సగము తలలు నెరసినవే.

ఇంటిని గూర్చియు నొక మాట. రెండువందల గజములలో కొబ్బరిచెట్టు, సంపెఁగచెట్టు, ముందు వరండాతోఁ గట్టిన ఇండ్లు ఒక్కొక్కటిగాఁ గూలి అపార్టుమెంటులగుచున్నవి. స్థలము బిల్డరున కిచ్చి రెండు ఫ్లాటులు పుచ్చుకొనుట వాడుక. వరండా మన యరుగునకుఁ గడపటి వారసురాలు, అదియుఁ బోయినది. నాలుగవ యంతస్తులో నున్న ముసలివానికి వీధి లేదు. లిఫ్టు చెడినదినమున వైద్యుఁడును లేఁడు. 2020 అక్టోబరు వఱదలో సరూర్‌నగరపు చెఱువు పొంగి చుట్టుప్రక్కల కాలనీలు మునిఁగినపుడు, క్రింది యంతస్తులలో నున్నవారు, అనఁగా మెట్లెక్కలేని పెద్దలే, ముందుగా నీటిపాలైరి. చెఱువు శిఖమునఁ గట్టిన వీధులకుఁ జెఱువు తన హద్దు గుర్తు చేసినది.

ఇట్టి యిండ్లయందొకదాని క్రింది యంతస్తున, పిల్లలిద్దఱును దేశాంతరమున నున్న మా మిత్రుఁడొకరు ఒంటిగా నుండిరి. ఒక రాత్రి స్నానపుగదిలో జాఱిపడిరి. మేడమీఁద హాస్టలులోనున్న సూర్యాపేట కుఱ్ఱవాఁడు చప్పుడు విని దిగివచ్చి, మోసికొనిపోయి ఆటోలో నొక వైద్యశాలకుఁ జేర్చెను. అక్కడ వారు రక్తసంబంధి సంతకము లేక శస్త్రచికిత్స చేయమనిరి. మేము పోయి 'మిత్రుఁడ'నని వ్రాసి సంతకము చేసితిమి; ఒప్పుకొనలేదు. అమెరికాలోనున్న కుమారుఁడు టెలిఫోనులోఁ జెప్పి, కాగితము పంపువఱకు తెల్లవాఱినది. ఆయన బ్రతికిరి, కఱ్ఱ పట్టుకొని నడచుచున్నారు. ఆ రాత్రి కావలసినది ధనము గాదు, సంతకము చేయఁగల మనిషి.

ఈ యవసరముననే ప్రైవేటు వృద్ధాశ్రమములు పుట్టినవి. మన ప్రాంతమున ఇవి యెక్కువభాగము కుటుంబములకై కట్టిన యిండ్లనే అద్దెకుఁ దీసికొని నడపఁబడుచున్నవి. కొన్నింట ఆదరము కలదు. కొన్నింట ఇఱుకు గదిలో నలుగురు, వెలుతురు లేని నడవ. ఇంతకంటెఁ బేరుపేరున వ్రాయుట ఈ సంచికకుఁ దగదు. 2007లో తల్లిదండ్రుల, వృద్ధుల పోషణ సంక్షేమ చట్టము వచ్చినది. మన ప్రాంతమున రెవిన్యూ డివిజనల్ అధికారియెదుట అర్జీ పెట్టుకొన్నచో, పిల్లలు నెలకు 10,000 రూపాయల వఱకుఁ జెల్లించునట్లు ఉత్తరువు చేయవచ్చును. అక్కడ వకీళ్లు వాదింపరాదు. పోషింతుమను నియమముమీఁద ఆస్తి వ్రాయించుకొని పోషింపనిచో ఆ దస్తావేజును రద్దు చేయించవచ్చును. కావున దానపత్రము వ్రాయు పెద్దలు పోషణ నియమమును పత్రమునందే వ్రాయించుకొనవలెనని మా విన్నపము. జిల్లాకొకటి చొప్పున 150 మంది నిరుపేద వృద్ధులకుఁ జాలు గృహములు నెలకొల్పవలెనని ఆ చట్టమే చెప్పుచున్నది.

ఇంతవఱకు వ్రాసినది పెన్షనుదారుల కథ. మన సంఘమున పెన్షను లేనివారే యధికులు. అంగడిలో నిలుచుండి, ఆటో నడపి, కుట్టుపని చేసి జీవించినవారికి విరమణదినము లేదు. 1995 ఆగస్టు 15న కేంద్రము నిరుపేద వృద్ధులకుఁ బెన్షను నేర్పఱచినది; తెలంగాణమున 2014 నవంబరులో 'ఆసరా' పేర నెలకు 1,000 రూపాయలై, 2019లో 2,016 అయినది. దానితో ఎల్బీనగరమున నొక గది యద్దె కూడ తీఱదు. మఱియు 2004 తరువాతఁ గొలువులోఁ జేరిన ప్రభుత్వోద్యోగులకు పాత పెన్షను లేదు. వాటాసొమ్ముతో వచ్చు పద్ధతి మాత్రమే. వారు విరమించు నాఁటికి ఈ కాలనీల పెన్షనుదారుల వైభవము కూడ కథ యగును. ఈ ప్రశ్న నేఁటి ముసలివారితోఁ దీఱునది కాదు.

మన పూర్వులు హైదరాబాదునందు సంఘములుగాఁ గూడినపుడు మొదట తలపెట్టినది విద్యార్థి వసతిగృహము. 1918లో నెలకొల్పఁబడిన రెడ్డి హాస్టలును జూచి, తరువాత పలు కులములవారు తమ తమ బాలురకు వసతులు కట్టించిరి. పల్లెనుండి వచ్చిన పిల్లవానికి పట్టణమున అన్నము, చోటు, మందలించు పెద్దయు కావలెనని వారెఱిఁగిరి. ఆ పిల్లలే చదివి, కొలువు చేసి, కాలనీలు కట్టి, ముసలివారైరి. ఇప్పుడు వారికిని కావలసినవి అన్నము, చోటు, పిలిచినఁ బలుకు మనిషియే.

గత మహాసభలో వృద్ధుల గృహమును గూర్చి రెండభిప్రాయములు వచ్చినవి. వెలుపలి వలయరహదారి కావల తక్కువ ధరకు రెండెకరములు దొరకుచున్నవి గనుక, అక్కడ తోఁటతో, గోశాలతో, ధ్యానమందిరముతో విశాలముగాఁ గట్టుదమని కొందఱు పోషకులనిరి. వారి యౌదార్యము కొనియాడఁదగినది. అయినను మే మెఱిఁగిన చరిత్ర దానికి సాక్ష్యము చెప్పుట లేదు. అరుగు వీధిలో నుండెను. ఆంధ్రాశ్రమము కాశీనగరము నడుమ నున్నది. మన కాలనీలు బస్సుబాట నంటుకొని పెరిగినవి. ధృతరాష్ట్రుఁ డడవికిఁ బోయినపిమ్మట పాండవు లొక్కమాఱు పౌరులతో వచ్చి నెల దినములకుఁ బైఁగా నుండి పోయిరి, పిమ్మట రాలేదు. రెండేండ్లకు నారదుఁడు వచ్చి, వనమున కార్చిచ్చు పుట్టి ఆయనయు, గాంధారియు, కుంతియు దగ్ధులైరని చెప్పువఱకు హస్తినాపురమున నెవ్వరికిని తెలియదు. రెండెకరముల తోఁటకు ఆదివారము కారులలోఁ బోవు పోషకు లుందురు. మంగళవారము రాత్రి యెవరుందురు?

కావున మా యభిప్రాయ మిది. గృహము మెట్రోస్టేషనునుండి నడచిపోఁదగిన దూరమున, దిల్‌సుఖ్‌నగరమునకును వనస్థలిపురమునకును నడుమనే యుండవలెను. క్రొత్త కట్టడమునకై చందాలు కూడువఱకు వేచియుండ నక్కఱలేదు. మన సభ్యుల యిండ్లలోనే పిల్లలు దేశాంతరమున నుండుటచే మూఁతపడిన క్రింది యంతస్తులు చాల కలవు. అట్టివి రెండు మూఁడు ప్రక్కప్రక్కన దొరకినచో, ఒకే వంటయిల్లు పెట్టి, సగము గదులు పెన్షనువారికి ఖర్చు పుచ్చుకొనియు, సగము గదులు లేనివారికి సంఘనిధినుండియు నడపవచ్చును. మేడమీఁది గదులలో మన యూళ్ల విద్యార్థులను తక్కువ యద్దెకు ఉంచినచో రాత్రివేళ చప్పుడు వినువా రుందురు. ప్రవేశమునాఁడే ప్రతివారియొద్దను, వారి పిల్లలయొద్దను, వైద్యశాలయందు సంతకము చేయుటకు సంఘమున ఇద్దఱిని నియమించు పత్రము వ్రాయించుకొని, అది చెల్లునట్లు వకీలుచే సరిచూపించి యుంచవలెను. ముందు అరుగు తప్పక కట్టింపవలెను.

తొలుత పన్నెండుగురికిఁ జోటు చాలును. ఈ సంచిక చేతికందిన సభ్యులలో అట్టి యిండ్లు గలవారు గజముల కొలఁతయు, మెట్ల సంఖ్యయు, నీటి వసతియు వ్రాసి సంక్రాంతిలోపల కార్యదర్శిగారికిఁ బంపఁ గోరుచున్నాము. చూచి వచ్చుటకు మేమును, పైఁ జెప్పిన కఱ్ఱపట్టిన మిత్రుఁడును సిద్ధముగా నున్నాము. ఉదయము పదిగంటల పిమ్మట ఏ దినమైనను సరియే.